లిండెన్‌వేర్ గట్టులో నాలుగు మీటర్ల దారి

కొలతలు

కాలిఫోర్నియాలో ఉదయం ఆరున్నర అయితే జర్మనీలో మధ్యాహ్నం మూడున్నర. ఫ్రీమాంట్‌లోని మా ఇంటి నుంచి శాన్ రామన్‌లోని ఆఫీసుకు ఇరవై ఐదు మైళ్ళు. ఆఫీసు నుంచి నేను చెప్పబోయే ఊరికి సుమారు తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు. ఆ ఊరి పురపాలక కార్యాలయం నాలుగున్నరకు మూస్తారు. వాళ్ళతో గంటసేపు మాట్లాడాలంటే నేను ఐదున్నరకల్లా ఇంటి నుంచి కదలాలి.

వరద నమూనాలు తయారుచేయడం నా వృత్తి. ఒక ఊరి ఎత్తుపల్లాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటి మీదుగా నదిని పొర్లించి, ఏ వీధిలో ఎంత లోతు నీరు నిలుస్తుందో లెక్కగట్టడం. గోదావరి ఏటిగట్ల మీద ఆరేళ్ళు, అమెరికాలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారి కోసం రాస్తున్నాను కనుక ప్రమోషన్ల సంగతి వదిలేస్తాను. అవి ఎవరికైనా దాదాపు ఒకేలా వస్తాయి, ఒకేచోట ఆగిపోతాయి. ఒక్క ఊరి సంగతే చెబుతాను. ఒప్పందం ప్రకారం అసలు పేరు బయటపెట్టకూడదు, అందుచేత దాన్ని లిండెన్‌వేర్ అంటాను.

లిండెన్‌వేర్ జనాభా ఆరు వేల లోపు. దక్షిణం నుంచి వచ్చే ఒక మధ్యరకం నది అక్కడ ఎర్ర ఇసుకరాతి కొండకు తగిలి, దాని చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో మూడు కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ దాదాపు బయలుదేరిన చోటికే వస్తుంది. కొండ మీద శిథిలమైన కోట. కోట కింద మెట్టమెట్టుగా ఎగువ ఊరు: అంగడి వీధి, చర్చి, పురపాలక భవనం, అగ్నిమాపక కేంద్రం. నాడా రెండు కొసల మధ్య పల్లపు నేల మీద దిగువ పేట. అందులో ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఎగువ అంగడి కంటే దిగువ పేట పదకొండు మీటర్లు పల్లం.

ఈ పేటకూ నదికీ మధ్య, నది నుంచి నూట ఇరవై మీటర్ల దూరంలో, ఆపిల్ తోటలకు ఆవల ఒక మట్టికట్ట ఉంది. పొడవు ఆరు వందల నలభై మీటర్లు, అడుగున వెడల్పు ఐదు మీటర్లు, పైన రెండు మీటర్లకు తక్కువ. ఎత్తు చోటునుబట్టి మారుతుంది. పేట మధ్యభాగం ఎదురుగా రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. ముళ్ళపొదలు కమ్మేసిన ఆ కట్టను స్థానికులు ప్రభువు గోడ అంటారు. అందులో ఒక్క సందు కూడా లేదు.

ఇద్దరు యజమానులు

మధ్యయుగంలో ఈ చిన్న ఊరికి ఇద్దరు యజమానులు. కొండా, ఎగువ ఊరూ, నదీ, నది మీద పిండిమరా కౌంట్ అనే బిరుదున్న ఒక ప్రభువువి. దిగువ నేల ఒక మఠానిది. మఠం ఆ పల్లంలో తోళ్ళు పదును చేసేవారిని కాపురం పెట్టించింది. తోళ్ళ పనికి నీళ్ళు కావాలి, ఆ వాసన పైవాళ్ళకు తగలకూడదు. రెండింటికీ పల్లమే అనువు. ఎగువ ఊరివాడు కౌంట్‌కు వంతెన సుంకం కట్టాలి, పేటవాడు మఠాధిపతికి తోళ్ళు సమర్పించాలి. ఒకరి నేరస్థుణ్ణి ఇంకొకరి భటుడు పట్టుకోరాదు. సరిహద్దు రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి: ఒక ముఖాన సింహం, రెండో ముఖాన మఠాధిపతి చేతికర్ర.

తర్వాత కౌంట్ వంశం అంతరించింది. నెపోలియన్ కాలంలో జర్మన్ మఠాల ఆస్తులను ప్రభుత్వాలు కలిపేసుకున్నప్పుడు మఠమూ పోయింది. ఇద్దరు యజమానులూ పోయేసరికి గోడ ఎందుకు కట్టారో చెప్పేవారు లేకుండా పోయారు. ఖాళీగా ఉన్న చోట కథ మొలుస్తుంది. బండ్లవాళ్ళు వంతెన సుంకం ఎగ్గొట్టి తోటల్లోంచి దిగువ పేటకు దిగిపోకుండా ప్రభువు అడ్డుగోడ కట్టించాడన్నది ఆ కథ. ఊళ్ళో పర్యాటకుల కోసం నిలిపిన ఫలకం మీదా అదే రాసి ఉంది. కథ బాగుంటుంది. జమీందారు అనగానే ముందు శిస్తు గుర్తుకొచ్చే మనవాళ్ళం ఇంకా తేలిగ్గా నమ్ముతాం. చెరువుల మరమ్మతు కూడా జమీందారు బాధ్యతే అన్న మాట మనకు రెండోసారి గానీ గుర్తురాదు.

నది ఎగువన ఒక జలాశయం కట్టాక, బతికున్నవారెవరూ గోడ దాకా నీరు రావడం చూడలేదు.

మాకు వచ్చిన పని

ఆ గోడలో ఆరు మీటర్ల దారి తెరవాలని పురపాలక సభ ఆలోచన. ఆసుపత్రి రోడ్డు తోటలకూ గోడకూ మధ్యగా వెళుతుంది, కానీ పేటలోకి దిగలేదు. అంబులెన్స్ ఎగువ ఊరెక్కి, ఇరుకు సందుల్లో తిరిగి, వంతెన పక్కనుంచి దిగాలి: రెండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు. దారి తెరిస్తే మూడు వందల మీటర్లు. దారివల్ల వరద ప్రమాదం పెరుగుతుందా అన్నది మమ్మల్ని అడిగిన ప్రశ్న. పురపాలక ఇంజనీరు శ్రీమతి కెల్లర్, వాళ్ళ భాషలో ఫ్రావ్ కెల్లర్, ఈ దారి కోసం ఎనిమిదేళ్ళుగా పోరాడుతున్నారు. ఆమె ఇల్లూ ఆ పేటలోనే.

నమూనా కట్టింది మా బృందంలోని సింధూజ. కరీంనగర్ అమ్మాయి, మాస్టర్స్ ముగించి మా దగ్గర చేరి మూడో ఏడు. ఆమె ఫలితం స్పష్టంగా ఉంది: భారీ వరద వస్తే పేట ఎలాగూ మునుగుతుంది; దారి ఉన్నా లేకున్నా తేడా రెండు సెంటీమీటర్లు. మా మేనేజర్ గ్రెగ్ ఆ మ్యాప్‌ను చూసి, ఇంత శుభ్రమైన మ్యాప్ ఈ ఏడాది చూడలేదని మెచ్చుకున్నాడు.

మ్యాప్ నిజంగానే శుభ్రంగా ఉంది. అందులో గోడ లేదు.

"ఇక్కడ ఒక గీత ఉండాలి కదమ్మా, ఏమైంది?" అని అడిగాను.

"అదా మేడమ్, గోడ. ఫిల్టర్ రన్ చేసినంక పోయింది. మన మాన్యువల్‌లనే ఉంది కద, పది మీటర్ల కంటే సన్నగున్నది నాయిస్ అని. టూరిస్ట్ సైట్‌ల గూడ చూసిన, టాక్స్ కోసం కట్టిన్రంట."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. విమానం నుంచి లేజర్‌తో నేలను కొలిచినప్పుడు ఆగి ఉన్న కార్లూ కంచెలూ గోడలూ అన్నీ నేల ఎత్తులాగే నమోదవుతాయి. వాటిని తుడిచేయడం మా వృత్తిలో ప్రాథమిక మర్యాద. నమూనా నేలను పది మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒకే సగటు ఎత్తు ఇస్తుంది. అలాంటి గడిలో ఐదు మీటర్ల కట్ట సగటులో కరిగి మోకాలెత్తు గుబ్బ అవుతుంది. ఫిల్టర్ ఆ గుబ్బనూ చదును చేస్తుంది. ప్రోగ్రామ్ సన్నదాన్ని తీసేసింది, ఫలకం మీది కథ తీసెయ్యవచ్చని సమ్మతించింది. రెండు సాక్ష్యాలు ఏకీభవిస్తే ఇంజనీరు సాధారణంగా మూడోది అడగడు. ఈ వృత్తిలో నేను చూసిన పెద్ద తప్పులన్నీ ఇలాంటి ఏకాభిప్రాయాల నుంచే పుట్టాయి.

గట్టు మీద నడక

గోదావరి మీద నా మొదటి పై అధికారి సుబ్బారాయుడు గారు. కఠినుడు, కొంత అన్యాయస్థుడు కూడా. ఆడపిల్లకు గట్టు పనెందుకని నా ఎదుటే అన్న మనిషి. కానీ గట్టు మీద నడవకుండా ఏ డ్రాయింగ్ మీదా సంతకం పెట్టనిచ్చేవారు కాదు. "కాగితం మీది గట్టుకు ఎలక బొరియలుండవమ్మా. అందుకే అది ఎప్పుడూ తెగదు," అనేవారు. ఆయన అన్నవాటిలో సగం మరిచిపోయాను, ఇది మరవలేదు.

కనుక లిండెన్‌వేర్ వెళతానన్నాను. ప్రయాణం బడ్జెట్‌లో లేదని గ్రెగ్ గుర్తుచేశాడు. వేరే పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాల్సి ఉంది కాబట్టి ఒక రోజు కలుపుకున్నాను. సింధూజ నవ్వింది. "అక్కడ గూడ గట్టెక్కి నడుస్తరా మేడమ్? ఫొటో పెట్టున్రి, మా గ్రూపుల వేస్త."

ఫ్రావ్ కెల్లర్ నన్ను స్టేషన్ నుంచి తన కారులో తీసుకెళ్ళారు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట, చక్కటి ఇంగ్లీషు. ఇద్దరం బూట్లు వేసుకుని ఒక కొస నుంచి రెండో కొస వరకు గోడ వెంట నడిచాం. పొదలు తప్పించి చూస్తే నదివైపు ముఖమంతా రాళ్ళ పేర్పు ఉంది. పేటవైపు ఉత్త మట్టి. సుంకం గోడకు రాయి అవసరమైతే రెండు వైపులా అవసరం. ఒకవైపే రాయి పేర్చారంటే ఆ వైపు నుంచి కోసుకుపోయేది ఏదో వస్తుందని భయపడ్డారన్నమాట. అంతకంటే ముఖ్యమైనది, గోడ సరిగ్గా పిండిమర ఆనకట్ట ఎగువ కొస దగ్గర ఆగిపోతుంది. దాని దిగువన ఒక్క మీటరు కూడా లేదు. సుంకం ఎగ్గొట్టే బండివాడికి ఆనకట్టతో పని లేదు. దానికి దిగువనుంచీ పోగలడు.

అక్కడినుంచే సింధూజకు ఫోన్ చేశాను. ఫిల్టర్ వేయకముందున్న అసలు లేజర్ డేటా తీసి, గోడ పైతలం వెంట ప్రతి ఐదు మీటర్లకూ ఎత్తు, దాని పక్కనే నేల ఎత్తు, రెండూ ఒకే గ్రాఫ్‌లో గీయమన్నాను. శాన్ రామన్‌లో అప్పుడు ఉదయం ఏడు. గంట తర్వాత తానే ఫోన్ చేసింది.

"మేడమ్, కింద నేల ఎక్కుతుంది, దిగుతుంది. మీటర్ పైననే తేడా ఉంది. పైన మాత్రం స్కేల్ పెట్టి గీసినట్టు దిగింది. మొత్తం ఆరు వందల నలభైకి ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు." కీబోర్డు మీద ఏదో కొట్టింది. "రివర్ స్లోప్ గూడ గంతే ఉంది. గిది గోడ కాదు మేడమ్."

కాదు. గోడ కట్టేవాడు నేల నుంచి ఎత్తు కొలుస్తాడు, కాబట్టి దాని తలం నేలతో పాటు ఎగుడుదిగుడవుతుంది. వరదగట్టు వేసేవాడు నీటిమట్టం నుంచి ఎత్తు కొలుస్తాడు, కాబట్టి దాని తలం నదితో పాటు వాలుతుంది. లెవెల్ యంత్రం లేని కాలంలో ఆ వాలు అంత కచ్చితంగా కుదిరిందంటే, ఒక నిజమైన వరద నిలబడి ఉన్నప్పుడు నీటి అంచున మేకులు పాతి, ఆ మేకుల మీద జానెడో మూరెడో అదనంగా వేసి కట్టి ఉండాలి. మన ఏటిగట్లనూ ఒకప్పుడు అలాగే వేశారు.

ఎవరు, ఎందుకు వేశారన్నదానికి నా దగ్గర రుజువు లేదు, అనుమానమే ఉంది. సరిహద్దు రాళ్ళు గట్టుకు పేటవైపు పాదం దగ్గర ఉన్నాయి. అంటే గట్టంతా కౌంట్ నేల మీదే ఉంది. తన మర కోసం ఆనకట్ట వేసి నీటిమట్టం ఎత్తింది కౌంట్. ఎత్తిన నీరు మఠం నేల మీదకు పొర్లుతుంది. నీటిని ఎత్తినవాడే గట్టు వేసి కాపాడాలని ఇద్దరికీ ఒడంబడిక కుదిరి ఉంటుంది. చరిత్రకారులు కాదనవచ్చు. వాలు మాత్రం కాదనలేరు.

ఫ్రావ్ కెల్లర్

గ్రాఫ్‌ను ఫోన్‌లోనే ఆమెకు చూపించాను. ఆమె ఇంజనీరు, వివరించాల్సిన అవసరం లేకపోయింది. చాలాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చారు. ఆపిల్ చెట్లకు ఇవతల ఆసుపత్రి రోడ్డు మీద ఒక వ్యాను పోతోంది.

"మా నాన్నకు గుండెపోటు వచ్చిన రోజు, మా కిటికీలోంచి అంబులెన్స్ లైటు ఇక్కడ కనిపించింది. ఈ గోడకు ఆవల. తర్వాత వెనక్కి తిరిగి వంతెనవైపు వెళ్ళింది," అన్నారు.

ఆమె బూటుకంటిన మట్టిని ఒక రాతి అంచుకు రాశారు.

"నీళ్ళు వందేళ్ళకోసారి వస్తాయి. మా పేటలో అందరూ ముసలివాళ్ళు. గుండెపోటుకు వందేళ్ళు అక్కర్లేదు. నన్నేం చెప్పమంటారు వాళ్ళకు?"

లెక్క పూర్తిచేసి పంపుతానని మాత్రమే చెప్పగలిగాను. యువ ఇంజనీర్లు ఇది గమనించాలి: ఎదుటివారి ప్రశ్న న్యాయమైనదైనా మన దగ్గర దానికి జవాబు లేకపోవచ్చు. లేని జవాబును అంకెల్లో చుట్టి ఇవ్వకూడదు.

గ్రెగ్

గ్రెగ్ చెడ్డవాడు కాడు. అడిగిన పని అడిగిన రోజుకు అందించడమే నిజాయితీ అని నేర్చుకున్న మనిషి. ఒప్పందంలో పది మీటర్ల గడి అని ఉంది, పాత గోడల పరిశోధన లేదు అన్నాడు. ఒక మీటరు గడితో మళ్ళీ లెక్క వేస్తే రోజులు పడుతుందన్నాడు. అలాగైతే నివేదిక మీద నా పేరు తీసేయమన్నాను. అతను కాసేపు పెన్ను తిప్పి, శని ఆదివారాలు ఖాళీగా ఉండే యంత్రాలు వాడుకోమన్నాడు. ఇంత చిన్న బెదిరింపుకే ఒప్పుకున్నాడంటే లోపల అతనికీ సందేహం ఉందని అర్థం. పై అధికారుల్లో ఎక్కువమంది ఇలాంటివారే. ఎవరైనా తమను బలవంతపెట్టాలని ఎదురుచూస్తుంటారు.

భయపడింది సింధూజ. పార్కింగ్‌లో కారు దగ్గర ఆపి అడిగింది: "మేడమ్, నా వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసే టైమ్ ఇది. రీవర్క్ అని నా పేరు మీద పడితే ఎట్ల?"

తప్పు మాన్యువల్‌దనీ, ఆ మాన్యువల్ మీద సంతకాలు ఆమెవి కావనీ చెప్పాను. గ్రాఫ్ గీసినవారిగా మాత్రం ఆమె పేరు పడింది.

కొత్త లెక్క సోమవారానికి వచ్చింది. గట్టు యథాతథంగా ఉంటే, మేము తీసుకున్న అతిపెద్ద వరదలోనూ పేట పొడిగా ఉంటుంది. ఆరు మీటర్ల దారి తెరిస్తే పేటలో లోతు ఒక మీటరు పది. రెండు సెంటీమీటర్ల తేడా నూట పది సెంటీమీటర్లయింది.

రక్షిత కట్టడం

నివేదికలో మూడు మార్గాలు రాశాం. దారి తెరవకపోవడం. గట్టు మీదుగా ఏటవాలు రోడ్డు వేయడం. దానికి పేటలో రెండు ఇళ్ళు పడగొట్టాలి. లేదా నాలుగు మీటర్ల దారి తెరిచి, రెండు వైపులా గాడులు పోసి, వరద హెచ్చరిక రాగానే అల్యూమినియం పలకలు దించడం. పలక ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. పద్నాలుగు పలకలు దించితే రెండు మీటర్ల పది. పలకలను దారి పక్కనే పేటవైపు షెడ్డులో ఉంచాలనీ, నలుగురు మనుషులు ఇరవై నిమిషాల్లో దించగలగాలనీ షరతు రాశాం.

నాకు మొదటి మార్గం మేలనిపించింది. ఫ్రావ్ కెల్లర్ సభలో మా నివేదికను ఒక్క పదం తగ్గించకుండా చదివి వినిపించారట, నూట పది సెంటీమీటర్లతో సహా. ఎనిమిదేళ్ళు తాను అడిగిన దానికి అడ్డు వచ్చే అంకెను తానే చదవడం తేలిక కాదు. చదివాక పేటవాళ్ళను అడిగారు. వాళ్ళు మూడో మార్గం కోరారు. దారి వచ్చింది.

తర్వాత జరిగింది మేము ఊహించనిది. ఆ గోడ సుంకం గోడ కాదనీ, అరుదైన మధ్యయుగపు వరదగట్టు అనీ తేలింది కదా, పురావస్తు శాఖ దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. తెరిచిన దారి అప్పటికే అనుమతి పొందింది, ఉంచనిచ్చారు. రక్షిత కట్టడం పక్కన కొత్త షెడ్డుకు అనుమతి ఇవ్వలేదు. పలకలను ఎగువ ఊరి అగ్నిమాపక కేంద్రంలో పెట్టారు. ఫ్రావ్ కెల్లర్ రెండుసార్లు అభ్యంతరం తెలిపారు. మేమూ ఒక లేఖ పంపాం. అధికారుల జవాబు మర్యాదగా ఉంది: కేంద్రం నుంచి దారి దాకా వాహనంలో ఆరు నిమిషాలు.

ఆరు నిమిషాలు అన్నది పొడి రోడ్డు మీద.

లెక్క

నేను రిటైరయిన మరుసటి వేసవిలో, మూడు రోజుల వానకు జలాశయం నిండి గేట్లు ఎత్తారు. మధ్యాహ్నం హెచ్చరిక వచ్చేసరికి ఆసుపత్రి రోడ్డు పల్లపు భాగం అప్పటికే నీటిలో ఉంది. పలకల లారీ వెళ్ళాల్సింది ఆ రోడ్డు మీదే. లారీ ఎగువ సందుల్లోంచి చుట్టూ తిరిగి పేటలోకి దిగింది. పలకలు దించడం మొదలుపెట్టినప్పుడు దారిలో మోకాలి లోతు ప్రవాహం. ఎనిమిదో పలక తర్వాత మనుషులను వెనక్కి పిలిచారు. గట్టు దగ్గర నీరు ఒక మీటరు డెబ్బై దాకా లేచింది; పలకలు ఆపింది ఒక మీటరు ఇరవై. మిగిలిన యాభై సెంటీమీటర్ల నీరు పేటలోకి పొర్లింది.

ఫ్రావ్ కెల్లర్ తర్వాతి వారం ఫోన్ చేసి అంకెలు చెప్పారు. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. చెప్పిన వరుసలోనే ఇస్తున్నాను.

దించాల్సిన పలకలు పద్నాలుగు, దించినవి ఎనిమిది. గట్టు ఎక్కడా తెగలేదు, ఊట కూడా రాలేదు. నీరు చేరిన ఇళ్ళు ముప్పై ఎనిమిదింటిలో ఇరవై ఒకటి, అందులో ఆమెది ఒకటి. ఇళ్ళలో గరిష్ఠ లోతు నలభై ఐదు సెంటీమీటర్లు. పాడైన కార్లు పదహారు. తోళ్ళు నానబెట్టే పాత ఓక్ తొట్లు మూడు కొట్టుకుపోయాయి. ఆ పనికి సంబంధించి ఊళ్ళో మిగిలినవి అవే. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కుటుంబాలు ఐదు. మృతులు ఒకరు: నేలమాళిగలో మెయిన్ స్విచ్ కట్టేయడానికి దిగిన వృద్ధుడు.

దారి తెరిచిన నాటి నుంచి వరద రోజు వరకు దాని గుండా అంబులెన్స్ నలభై మూడుసార్లు వెళ్ళింది. ఆ మూడు వందల మీటర్ల దారి లేకపోతే ఆ రోగుల్లో ఎందరు బతికేవారు కాదో లెక్కకట్టే నమూనా నాకు తెలియదు.

దారి మూసేయాలని దిగువ పేట నుంచి పురపాలక సభకు వచ్చిన అర్జీలు: సున్నా.